అర మిల్లీమీటరు సందు

మా షాపులో రైలుపెట్టెకి తలుపు బిగించేటప్పుడు
చుట్టూ అర మిల్లీమీటరు, ఒక్కోచోట ఇంకాస్త,
సందు వదులుతాం.
అచ్చంగా అతికితే తలుపు తెరుచుకోదు.
ఎండకి ఇనుము ఉబ్బుతుంది, దానికీ చోటు కావాలి గదా.
ఇరవై రెండేళ్ళుగా నా చేతులకి తెలిసిన సంగతి.
పెరంబూరులో ఏ బడి గుమ్మానికీ తెలియలేదు.

రెండేళ్ళు నిండినా చెంగు
కూర్చోబెడితే ఒక పక్కకి ఒరిగిపోయేవాడు,
ఒరిగి, అక్కణ్ణించే నవ్వేవాడు.
"వీళ్ళ ముత్తాత అయిదో ఏటగానీ నోరు విప్పలేదు,
ఆగండిరా" అంది మా అమ్మ.
ఆగాం.
ఆరు నెలలు.
ఆ ఆరు నెలలకి ఇప్పటికీ నా దగ్గర లెక్క లేదు.

డాక్టరమ్మ ఆ మాట తమిళంలో చెప్పింది.
నేను తెలుగులో విన్నాను.
అమృతవల్లి ఏ భాషలోనూ వినలేదు.
పిల్లాడి చెప్పు బకిలు పెడుతూ ఉంది,
పెట్టింది తీసి మళ్ళీ పెడుతూ.

ఆ సాయంత్రమే నీలం అట్ట ఫైలు కొన్నాను.
నైట్ షిఫ్టు దిగి, గ్రీజు వదలని గోళ్ళతో
29సి బస్సులో నా ఒళ్ళో వాడు, వాడి ఒళ్ళో ఫైలు.
ఫైలు రబ్బరు లాగి వదిలి, ఆ చప్పుడికి వాడు
అడయారు దాకా నవ్వుతూనే ఉండేవాడు.

నోట్లో నాలుక లేనివాడని
పెళ్ళిపందిట్లోనే మా మామ పేరు పెట్టిన మనిషిని నేను.
కౌంటరు ముందు నిలబడటం నేర్చుకున్నాను.
"రేపు రండి" అంటే మూడు వారాలని నేర్చుకున్నాను.
"చూద్దాం" అంటే చూడరని.
సర్టిఫికెట్టులో అరవై అయిదు శాతం అని రాశారు.
మిగతా ముప్ఫై అయిదూ ఎక్కడ రాస్తారని అడిగితే
గుమాస్తా నన్ను ఎగాదిగా చూశాడు.

"ఇంట్లో ఒకటే భాష, తెలుగు మానెయ్యండి" అన్నారు ఒకరు.
వాడికి మిద్దె మీద చందమామని చూపించే ముసలామెకి
ఇంకో భాష రాదండీ, అన్నాను.
"తక్కిన పిల్లల తల్లిదండ్రులు ఏమంటారో" అన్నారు హెడ్‌మిస్ట్రెస్ గారు.
పిలవండి, అడుగుదాం, అన్నాను.
అన్నది నేనేనా అని వెనక్కి తిరిగి చూసుకున్నాను.
వెనక షకీలా గారున్నారు, రుఖియాని చంకనేసుకుని,
అదే రంగు ఫైలుతో.
అప్పట్నించీ ఆదివారాలు మా మిద్దె మీద అయిదు చాపలు.
ఏ ఆఫీసులో ఏ కుర్చీ ఖాళీ, ఏ సంతకానికి ఎన్ని జిరాక్సులు,
మధ్యలో పిల్లలు పిండివడియాలు తొక్కేసేవారు.

పోయిన నెల, వాడికి తొమ్మిది నిండాక,
కొత్త బడిలో అడ్మిషను.
"పేరు?" అన్నాడు కిటికీ అవతలి మనిషి, వాణ్ణి చూసి కాదు.
అలవాటుగా నేనే అందుకున్నాను:
చెంగల్రాయుడు, తొమ్మిదేళ్ళు, అరవై అయిదు...
చొక్కా కొస ఎవరో లాగారు.

"వేణాం నాన్నా. నేను."

తొమ్మిదేళ్ళూ వాడి కోసం అరిచిన గొంతుని
పళ్ళ వెనక ఎలా పట్టుకోవాలో తెలీలేదు.
"చెం" అన్నాడు.
వరసలో ఎవరో దగ్గారు.
ఫ్యాను తిరిగింది, ఒక ఆటో హారన్ కొట్టి పోయింది.
"గ."
రెండో అక్షరానికీ మూడోదానికీ మధ్య
నేను దూరి పూరించడానికి సరిగ్గా సరిపోయేంత సందు.
అమృతవల్లి నా మోచెయ్యి గిల్లింది.
వదిలాను.

పూర్తిగా చెప్పాడు. చెప్పి, వేలిముద్ర పలక మీద
బొటనవేలు తనే పెట్టి, ఇంకోసారి పెడతానన్నాడు.

గుమాస్తా పేరు తప్పు రాశాడు.
దిద్దాలంటే రేపు రండి అన్నాడు.